ఫాఫ్సాలో నా పేరు

నా పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయడం లేదో పోనుపోను మీకే తెలుస్తుంది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2004 నుంచి న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కలే ఉంటున్నాను. నాకు ఒక్కతే కూతురు. 2006 ఫిబ్రవరిలో ఇక్కడే పుట్టింది కాబట్టి అది అమెరికా పౌరురాలు. నాకు మాత్రం ఏ వీసా లేదు. మనవాళ్ళు మర్యాదగా "స్టేటస్ పోయింది" అంటారు. టీవీలో వేరే మాట అంటారు.

అమ్మాయి 2024లో కాలేజీలో చేరింది. దాని చదువుకి ఎయిడ్ కోసం, అంటే కాలేజీ ఖర్చుకి ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా అనే ఫారం కోసం, తల్లీకూతుళ్ళం పడిన పాట్లు రాద్దామని కూర్చున్నాను. అప్పట్లో ఇలాంటిది తెలుగులో ఎవరైనా రాశారేమోనని అర్ధరాత్రి దాకా ఫోన్లో వెతికేదాన్ని. స్పానిష్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. తెలుగులో నాకు ఒక్కటీ కనపడలేదు. మనలో ఇలాంటివాళ్ళు లేక కాదు, ఎవరూ బయటికి చెప్పుకోరు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన హెచ్-1బి మీద వచ్చారు, నేను ఆయన భార్యగా హెచ్-4 మీద. ఆ రోజుల్లో హెచ్-4 వాళ్ళు పని చెయ్యకూడదు, ఉద్యోగానికీ పన్నులకీ ఇక్కడ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. ఇక్కడ మేమంతా దాన్ని 'సోషల్' అనే అంటాం. భార్యాభర్తలు కలిపి టాక్సులు వేసుకోవడానికి నాకు ఐటిన్ అని, తొమ్మిదితో మొదలయ్యే నంబరొకటి ఇచ్చారు. ఈ దేశంలో నాకున్న నంబరు అదొక్కటే. 2013 నవంబరులో, మా గ్రీన్‌కార్డు పని ఇంకా లేబర్ శాఖ దగ్గరే ఉండగా, ఆయన గుండెపోటుతో పోయారు. 39 ఏళ్ళు. అమ్మాయి అప్పుడు రెండో క్లాసు.

హెచ్-4 భర్త వీసాకి కట్టిన తోక. ఆయన పోతే అదీ పోతుంది. ఈ సంగతి, పెద్దకర్మ కూడా అయిపోయాక, ఆయన స్నేహితుడొకాయన ఎటో చూస్తూ చెప్పేదాకా నాకు తెలియదు. 2017లో కాన్సాస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య సునయన తన స్టేటస్ కూడా పోయిందని బయటికి చెప్పింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే గానీ ఆమెకి తిరిగి వచ్చి ఇక్కడ ఉండే వీలు దొరకలేదు. నా వెనక ఏ కాంగ్రెస్ సభ్యుడూ లేడు. విజిటర్‌ వీసాకి మార్పించుకున్నాను, ఆరు నెలలు వచ్చింది. మళ్ళీ పొడిగించమంటే కాదన్నారు. అంతే, అక్కడితో కాగితాలు అయిపోయాయి.

"వెనక్కి వెళ్ళిపోవచ్చుగా?" అని మీరు అనుకుంటున్నారని తెలుసు. మా అత్తగారింట్లో నాకు చోటు లేదు. మా నాన్న అప్పటికే మంచంలో ఉన్నారు. ఇక్కడ అమ్మాయికి తండ్రి కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను మీద నెలనెలా కొంత డబ్బు వచ్చేది, స్కూలు బాగుంది. ఈ ఏడాది చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూ ఏడాది దాటిపోయాను. స్టేటస్ లేకుండా ఏడాది దాటాక దేశం విడిచి వెళ్తే పదేళ్ళ దాకా తిరిగి రానివ్వరు. మా నాన్న దినం వాట్సాప్‌లో చూశాను. ఇంతకన్నా ఈ విషయం మీద రాయలేను.

కూరలు వండి ఇస్తాను, పిల్లల్ని చూస్తాను, వేసవిలో ఆవకాయ పెడతాను. అదే నా ఆదాయం. ఆయన పోయిన కొత్తలో మూడేళ్ళు టాక్సులు వెయ్యలేదు. ఓక్ ట్రీ రోడ్డులో టాక్సులు వేసే ఒకాయన "మీరెందుకమ్మా ప్రభుత్వం కంట్లో పడటం, ఊరుకోండి" అన్నాడు. మూడేళ్ళు వరసగా వాడకపోతే ఐటిన్ చెల్లకుండా పోతుందని ఆయన చెప్పలేదు. 2018లో ఇంకొకరి దగ్గరికి వెళ్ళి డబ్ల్యూ-7 అనే ఫారం పెట్టి దాన్ని తిరిగి బతికించుకుని, పాతవి కూడా కలిపి వేశాను. "ఆవకాయ డబ్బులు కూడా చూపించాలా?" అని ఆయన నవ్వాడు. చూపించాలన్నాను. నేను బీకాం. లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. ఆ లెక్కలే తర్వాత అక్కరకొచ్చాయి.

2023 అక్టోబరులో స్కూల్లో ఫైనాన్షియల్ ఎయిడ్ నైట్ పెట్టారు. ఆడిటోరియం నిండిపోయింది, సగం మంది మన భారతీయులే. స్టేజీ మీద ఒకావిడ "మీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు దగ్గర పెట్టుకోండి, అమ్మది, నాన్నది" అని చెప్పుకుంటూ పోయింది. నేను నా కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాను. కారెక్కాక అమ్మాయి, "అమ్మా, మనం ఇదేం అడగొద్దు. నేను కమ్యూనిటీ కాలేజీలో చేరి, పని చేసుకుంటూ చదువుకుంటా" అంది. నా సంగతి దానికి పద్నాలుగేళ్ళప్పుడే చెప్పాను. అప్పట్నుంచీ అది నాకు అమ్మలా మాట్లాడుతుంది.

నాకు కోపం వచ్చింది. దాని తండ్రి దాదాపు పదేళ్ళు ఈ దేశానికి పన్నులు కట్టాడు. అది ఇక్కడ పుట్టింది. మరి ఎందుకు అడగొద్దు? కోపం అయితే వచ్చింది గానీ, ఆ ఫారంలో నా పేరు, మా అపార్ట్‌మెంట్ నంబరు రాయాలంటే మాత్రం చెయ్యి ఆడలేదు. పదేళ్ళుగా నేను ఎక్కడా కనపడకుండా బతకడం అలవాటు చేసుకున్నదాన్ని.

వారం తర్వాత అమ్మాయే స్కూల్ కౌన్సెలర్‌ని, "నా ఫ్రెండ్ వాళ్ళమ్మకి సోషల్ లేదు, తను ఎయిడ్ అడగొచ్చా" అని అడిగింది. ఆ కౌన్సెలర్‌కి ఇలాంటి ఫ్రెండ్లు చాలామంది తెలిసే ఉంటారు. కాగితం మీద మూడు ముక్కలు రాసిచ్చింది. ఒకటి, ఫాఫ్సాలో పౌరసత్వం ప్రశ్న పిల్లలకే, తల్లిదండ్రుల స్టేటస్ అడగరు. రెండు, సోషల్ లేని పేరెంట్ కూడా ఈసారి నుంచి అకౌంట్ తెరిచి ఆన్‌లైన్లోనే సంతకం పెట్టొచ్చు. మూడు, దొంగ నంబరు మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు.

మూడోది ఎందుకు చెప్పిందో తర్వాత అర్థమైంది. నాకు తెలిసిన ఒకావిడ "వదినా, సున్నాలు కొట్టెయ్, మా తమ్ముడి కొడుక్కి అలాగే చేశాం" అంది. పాత ఫారంలో సోషల్ లేని తల్లిదండ్రులు నిజంగానే తొమ్మిది సున్నాలు వేసేవాళ్ళు, అది అప్పటి పద్ధతే. కొత్త ఫారంలో ఆ పద్ధతి తీసేశారు. ఇంకో ఆయన అయితే మా ఆయన నంబరే వాడెయ్యమన్నాడు. చచ్చిపోయిన మనిషి నంబరు! ఆ సలహా ఇచ్చినాయన సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు.

ఒక లైబ్రరీలో శనివారాలు ఉచితంగా సలహా ఇచ్చే ఇమిగ్రేషన్ లాయరు ఉందని తెలిసి వెళ్ళాను. ఫాఫ్సాలో ఇచ్చిన వివరాలు ఎయిడ్ పనికే వాడాలని చట్టంలో ఉందని చెప్పింది. "రేపు ఏం మారుతుందో నేను మాటివ్వలేను. నిర్ణయం మీది" అని కూడా అంది. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఆ రెండో మాటకే. ఇంకో మంచి కబురు కూడా చెప్పింది. న్యూజెర్సీలో టాగ్ అని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఉంది. ఇలాగే ఇక్కడ పుట్టిన ఒక పిల్లకి, తల్లికి కాగితాలు లేవని, తల్లి నివాసం చట్టబద్ధం కాదు కాబట్టి పిల్లది కూడా ఈ రాష్ట్రం కాదని ఆ గ్రాంటు ఇవ్వలేదట. ఆ పిల్ల కోర్టుకెక్కింది. 2012లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు, గ్రాంటు పిల్లకి గానీ తల్లికి కాదు, తల్లి స్టేటస్ చూసి పిల్లకి కాదనడానికి లేదని తీర్పిచ్చింది. కోర్టు కాగితాల్లో ఆ పిల్ల పేరు రెండు అక్షరాలే, ఏ.జెడ్. అని. ఆ తల్లి పేరు కూడా ఎక్కడా ఉండి ఉండదు అనుకున్నాను.

ఆ ఏడాది ఫాఫ్సాని మొత్తం మార్చేశారు. మామూలుగా అక్టోబరు 1న తెరిచేది, 2023 డిసెంబరు 30న గానీ తెరుచుకోలేదు. అదీ కాసేపు తెరవడం, కాసేపు మూసెయ్యడం. కొత్త పద్ధతిలో పిల్లలకి ఒక అకౌంటు, వివరాలు ఇవ్వాల్సిన పేరెంటుకి వేరే అకౌంటు ఉండాలి. ఆ పేరెంటుని 'కాంట్రిబ్యూటర్' అంటారు. పన్నుల వివరాలు తెప్పించుకోవడానికి కాంట్రిబ్యూటర్ ఒప్పుకుంటేనే ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వ సాయం), లేదంటే ఒక్క డాలరు కూడా రాదు. మా ఇంట్లో కాంట్రిబ్యూటర్‌ని నేనొక్కదాన్నే.

జనవరి మొదటివారంలో ఒక రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. "నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు" అని ఒక గడి ఉంది. అమ్మాయి నా మొహం చూసింది. నేనే మౌస్ తీసుకుని టిక్కు పెట్టాను. ప్రభుత్వం వాళ్ళ ఫారంలో ఆ మాట నా చేత్తో నేను ఒప్పుకోవడం అదే మొదటిసారి. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

అకౌంటు తెరిచాక, నేను నేనేనని నిరూపించుకోవడానికి ప్రశ్నలు వచ్చాయి. ఈ నాలుగు వీధుల్లో మీరు ఏ వీధిలో ఉన్నారు, ఈ నాలుగు బ్యాంకుల్లో కారు లోను ఎక్కడ తీసుకున్నారు. క్రెడిట్ రికార్డుల్లోంచి తీసే ప్రశ్నలవి. నాకు క్రెడిట్ కార్డే లేదు, కారు నగదు ఇచ్చి కొన్నది. అప్పు లేకుండా బతికినందుకు ఫెయిలయ్యాను.

ఫెయిలైనవాళ్ళు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోవాల్సి వచ్చేది. వాళ్ళు పంపిన ఫారం నింపి, సంతకం పెట్టి, గుర్తింపు కాగితం ఫొటోతో ఈమెయిల్ చెయ్యాల్సి వచ్చేది. మొదటిరోజు గంటన్నర హోల్డులో పెట్టి లైను తెగిపోయింది. రెండోరోజు కూరగాయలు తరుగుతూ స్పీకర్లో పెట్టుకున్నాను, బెండకాయలు మూడు పౌన్లు అయిపోయాయి. మూడోరోజు ఒకబ్బాయి దొరికాడు. లైసెన్సు గానీ, సొంత దేశం పాస్‌పోర్టు గానీ పంపినా చాలన్నాడు. 2021 మే నుంచి న్యూజెర్సీలో స్టేటస్ లేనివాళ్ళకి కూడా డ్రైవింగ్ లైసెన్సు ఇస్తున్నారు. అది వచ్చిన రోజు నేను ఎంత సంబరపడ్డానో! అదే పంపాను.

నా పేరు కథ మొదలైంది అక్కడే.

నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. మన ఆడవాళ్ళలో ఆ తరంలో చాలామందికి అంతే. పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టు, ఇంటిపేరు పెళ్ళయ్యాక మారుతుంది కదా అని నాన్న వదిలేశారు. మూడు మాటల పేరు మొత్తం గివెన్ నేమ్‌లో ఉంది. చెన్నైలో వీసా కొట్టినప్పుడు అమెరికా వాళ్ళు ఆ మూడు మాటల్నీ ఇంటిపేరు గడిలోకి జరిపి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని వేశారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే 'పేరు తెలియదు' అని. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 కాగితం మీద అదే. ఇన్నేళ్ళకి తీసుకున్న లైసెన్సు మీదా అదే. డాక్టరు దగ్గర నర్సు "ఫ్నూ! ఫ్నూ!" అని పిలుస్తుంది, నేను లేచి వెళ్తాను. ఐటిన్ తీసుకున్నప్పుడు మాత్రం మా ఆయన కంపెనీ టాక్సుల మనిషి నా మొదటి మాటని పేరుగా, మా ఆయన ఇంటిపేరుని ఇంటిపేరుగా వేశాడు. అందుకని పన్నుల కాగితాల్లో నేనొక మనిషిని, లైసెన్సులో ఇంకో మనిషిని. కరెంటు బిల్లులో మూడో మనిషిని.

అమ్మాయి పన్నుల్లో ఉన్న పేరుతో నా అకౌంటు తెరిచింది. దాని బుర్రకి సబబే, డబ్బుల ఫారం కదా. లైసెన్సు వెళ్ళాక మూడు వారాలకి జవాబు వచ్చింది. పేర్లు కలవడం లేదు, తిరస్కరించాం అని. మళ్ళీ ఫోన్. ఈసారి ఒక పెద్దావిడ. "మేడమ్, మీ ఫస్ట్ నేమ్ నిజంగా ఎఫ్ఎన్‌యూనా?" అని అడిగింది. "కాదు. నాకు మంచి పేరు ఉంది. మీ దేశమే నాకు ఆ పేరు పెట్టింది" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆవిడ నవ్వేసి, ఓపిగ్గా అకౌంటులో పేరు ఎలా మార్చుకోవాలో చెప్పింది. ఫిబ్రవరి చివరికి నేను ఎఫ్ఎన్‌యూ అని ఖాయమైంది.

అయిపోయిందనుకున్నాం. అమ్మాయి తన ఫారంలోంచి నాకు ఆహ్వానం పంపింది. నేను నొక్కితే ముందుకు వెళ్ళదు. ఎర్ర అక్షరాలు. మా పొరపాటే అనుకుని నాలుగు రోజులు తిప్పలు పడ్డాం. ఆఖరికి కౌన్సెలర్ చెప్పింది, దేశం మొత్తం మీద సోషల్ లేని తల్లిదండ్రులందరికీ అక్కడే ఆగిపోతోందని. కొత్త ఫారంలోనే లోపం, సరిచేస్తున్నారట. అమ్మాయి క్లాసులో మిగతా పిల్లలు జనవరిలోనే పంపేసి నిశ్చింతగా తిరుగుతున్నారు. ఇది మాత్రం రోజూ స్కూలు నుంచి రాగానే బ్యాగు భుజం మీదే ఉంచుకుని ఒకసారి నొక్కి చూసేది. అది నా దగ్గర ఏడవలేదు. స్నానాల గదిలో నీళ్ళు ఎక్కువసేపు పోయేవి.

మార్చి నడుమకి సరిచేశామన్నారు. అయినా మాది కదలలేదు. ఇంకో రెండు రోజులు కొట్టుకున్నాక తెలిసింది, అమ్మాయి ఆహ్వానంలో రాసిన నా వివరాలు, నా అకౌంటులో ఉన్న వివరాలు చుక్కతో సహా ఒకేలా ఉండాలని. నా అకౌంటులో అపార్ట్‌మెంట్‌ని పొట్టిగా రాశాం, అది ఆహ్వానంలో పూర్తిగా రాసింది. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీకు చెప్పాల్సింది ఇదొక్కటే: రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. మాకు దారి తెరుచుకుంది దాంతోనే. ఏప్రిల్ ఆఖరికి సోషల్ లేనివాళ్ళకి గుర్తింపు తనిఖీ పూర్తికాకుండానే లోపలికి రానివ్వడం మొదలుపెట్టారట. మేము ఆ తనిఖీ మొత్తం పడి దాటాక!

లోపలికి వెళ్ళాక అంతా తేలికే. సోషల్ ఉన్నవాళ్ళకి పన్నుల అంకెలు వాటంతటవే వచ్చి పడ్డాయి. మాకు రాలేదు, 2022 రిటర్ను ముందు పెట్టుకుని చేత్తో కొట్టాల్సి వచ్చింది. అమ్మాయి లైను నంబరు చదువుతుంటే నేను అంకె చెప్పాను. నా మొత్తం ఆదాయం 19 వేల డాలర్లు. కూరలు ఇంత, పిల్లల్ని చూసినందుకు ఇంత, ఆవకాయ ఇంత. "అమ్మా, నువ్వు ఇవన్నీ రాసి పెట్టావా?" అని ఆశ్చర్యపోయింది. ఆ రాత్రి నా పదేళ్ళ పని మొదటిసారి దానికి అంకెల్లో కనపడింది. పెళ్ళి, విడాకులు అని అడిగేచోట 'వితంతువు' అన్న గడి నొక్కి, అది కాసేపు ఊరుకుంది. తర్వాత సంతకం. ఎఫ్ఎన్‌యూ అని కొట్టి, తేదీ చూసుకుని, పంపించేశాం. రాత్రి పదకొండున్నర అయింది. ఇద్దరం పెరుగన్నం తిన్నాం.

ఏప్రిల్లో లెక్క వచ్చింది. ఎయిడ్ ఇండెక్సు అని ఒక అంకె ఇస్తారు. అది ఎంత తక్కువ ఉంటే అంత అవసరం ఉన్నట్టు. మాది మైనస్ 1500. అంతకన్నా కిందికి ఇక లేదు. "అంటే వాళ్ళే మనకి 1500 బాకీ" అన్నాను. అలా ఏమీ ఇవ్వరట. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటు మాత్రం పూర్తిగా వచ్చింది, 7,395 డాలర్లు. ఒంటరి పేరెంటు ఆదాయం పేదరికపు గీతకి రెండుంపావు రెట్ల లోపు ఉంటే పెల్ మొత్తం ఇచ్చేస్తారు. ఇద్దరున్న ఇంటికి ఆ ఏడాది అది 41 వేల చిల్లర. మేము దానికి సగం దగ్గరే ఉన్నాం.

అది రట్గర్స్ యూనివర్సిటీ‌లో, న్యూ బ్రన్స్‌విక్‌లో చేరాలనుకుంది. ఆ ఏడాది ట్యూషనూ ఫీజులే 17 వేలు దాటాయి, హాస్టలు తిండి కలిపితే 30 వేల పైమాట. పెల్, టాగ్ పోగా మిగిలిన ట్యూషన్ సంగతి యూనివర్సిటీయే చూసుకుంది. 65 వేల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి స్కార్లెట్ గ్యారంటీ అని వాళ్ళ పథకం ఒకటుంది. అయితే వీటన్నిటికీ తాళంచెవి ఫాఫ్సా ఒక్కటే. అది పంపకపోతే ఇవేవీ లేవు.

ఇంకో ప్రైవేటు కాలేజీకి కూడా పెట్టింది. దానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అని వేరే ఫారం. అందులో తల్లి సోషల్ తప్పనిసరి కాదు, తక్కువ ఆదాయం వాళ్ళకి రుసుము కూడా లేదు. నాకు అదే మర్యాదగా అనిపించింది. కానీ ఆ కాలేజీ ఇస్తామన్నది సరిపోలేదు. తేడాకి పేరెంట్ ప్లస్ అని ప్రభుత్వం తల్లిదండ్రులకిచ్చే లోను తీసుకోమని ఉత్తరంలో రాశారు. ఆ లోను తల్లికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లాంటిది ఉంటేనే ఇస్తారు. ఉత్తరం రాసినవాళ్ళకి నా ఫారంలో సోషల్ గడి ఖాళీగా ఉందని కనపడలేదు కాబోలు. ఆ ఉత్తరం చించి పారేశాను.

హాస్టలు వద్దనుకున్నాం. ఎడిసన్ స్టేషన్లో రైలెక్కితే తర్వాత స్టేషనే న్యూ బ్రన్స్‌విక్. ఇంట్లోంచి డబ్బా పట్టుకెళ్తుంది. చదువుకుంటూనే పని ఇచ్చే వర్క్ స్టడీ కింద లైబ్రరీలో పని ఇచ్చారు. మొదటి ఏడాది ఒక్క డాలరు అప్పు చెయ్యలేదు. సెప్టెంబరులో మొదటిరోజు దాన్ని స్టేషన్ దగ్గర దింపి, కారులోనే కాసేపు కూర్చున్నాను. వెనకాల ఎవరో హారన్ కొట్టారు.

రెండో ఏడాది ఫాఫ్సా 2024 డిసెంబరులో అరగంటలో అయిపోయింది. అకౌంటు ఉంది, పేరు ఖాయమైంది. నేను గారెలకి పప్పు రుబ్బుకుంటూనే చేశాను.

ఆ తర్వాత రోజులు మారాయి. 2025 ఫిబ్రవరి 5న 104 మంది మన దేశస్థుల్ని సైనిక విమానంలో తీసుకెళ్ళి అమృత్‌సర్‌లో దించారు. ఆ వారం నేను కూరలు ఇచ్చే ఒకింట్లో భోజనాల దగ్గర టీవీలో అదే చూపిస్తున్నారు. "వీళ్ళ వల్లే మన అందరికీ చెడ్డపేరు" అన్నాడాయన. ఆవిడ "మన తెలుగువాళ్ళు ఉండరులే అందులో" అంది. నేను గుత్తి వంకాయ గిన్నె బల్ల మీద పెట్టి, "ఉప్పు సరిపోయిందా చూడండమ్మా" అన్నాను. ఏప్రిల్లో పన్నుల శాఖకీ ఇమిగ్రేషన్ వాళ్ళకీ మధ్య వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కుదిరిందని వార్త వచ్చింది. బుద్ధిగా పన్నులు కట్టిన పాపానికి నా అడ్రసు వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండనే ఉంది.

సెప్టెంబరు ఆఖరికే మూడో ఏడాది ఫాఫ్సా తెరిచారు. ఈసారి అమ్మాయి మొండికేసింది. "వద్దమ్మా. నేను లోను తీసుకుంటాను." ఫెడరల్ లోను కావాలన్నా ముందు ఫాఫ్సాయే పెట్టాలే పిచ్చిదానా అన్నాను. "అయితే ఒక ఏడాది ఆగుతా" అంది. మళ్ళీ ఆ లాయరు దగ్గరికే వెళ్ళాం. ఆవిడ మొహంలో అలసట కనపడింది. ఫారం ఆపేసిన కుటుంబాలు కూడా తనకి తెలుసంది. మీరు కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు, రెండేళ్ళుగా అదే పేరు, అదే ఇల్లు అంది. అయినా నిర్ణయం మీదే అంది, మొదటిసారి అన్నట్టే. అమ్మాయి తీసుకునే పెల్, టాగ్ వల్ల రేపు నా గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందేమో అని కూడా అడిగాను. అది అమ్మాయి సాయం, మీది కాదు అంది.

నా గ్రీన్‌కార్డా అని ఆశ్చర్యపోకండి. 2027 ఫిబ్రవరికి దానికి 21 నిండుతాయి. నేను వీసా మీద, ఎయిర్‌పోర్టులో ముద్ర వేయించుకుని వచ్చినదాన్ని కాబట్టి, కూతురు నా తరఫున పెట్టుకుంటే దేశం దాటకుండానే అడగడానికి ఇప్పటి చట్టంలో దారి ఉందట. అందరికీ ఇది వర్తించదు, ఎవరి సంగతి వాళ్ళు లాయరుకి చూపించుకోవాలి.

దారిలో అమ్మాయి మాట్లాడలేదు. ఇంటికొచ్చి నేనే కంప్యూటరు తెరిచాను. పాస్‌వర్డు నాకే గుర్తుంది. అంకెలు నేనే కొట్టాను, అది పక్కన కూర్చుని సరిచూసింది. సంతకం దగ్గర నా చెయ్యి ఆగినమాట నిజం. అది నా చెయ్యి పట్టుకోలేదు, నొక్కమనీ అనలేదు. గోడ గడియారం వినపడుతోంది. నొక్కాను.

ఆ రాత్రే అది, 2027కి ముందే చూసి పెట్టుకుందామని, తల్లి కోసం పెట్టే ఆ ఫారం దింపుకుంది. "అమ్మా, ఇందులోనూ నీ ఫస్ట్ నేమ్ అడుగుతున్నారు" అంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకుందామా అని లాయరుకి మెసేజ్ పెట్టాను. ఇప్పుడేం కదిలించొద్దు, ఏ పేరుతో వచ్చారో ఆ పేరుతోనే ఉండండి అని జవాబు వచ్చింది. ఇంకో ఏడాదిన్నర నేను ఎఫ్ఎన్‌యూనే.